అక్షరం మార్చరాదు

ప్రెస్సులో ఆవిడను అందరూ ఒత్తులమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, దానితో ఎవరికీ పనిలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ప్రెస్సులో అచ్చయిన ప్రతి పుస్తకమూ, ప్రతి కరపత్రమూ, ప్రతి శుభలేఖా ఆవిడ బల్ల మీద నుంచే కిందికి దిగాయి. మిషను ఉన్నది కింది అంతస్తులో. అది తిరిగినంతసేపూ పైన నేల సన్నగా వణుకుతుంది. బల్ల మీద టీ గ్లాసు దానంతటదే అంచుదాకా జరుగుతుంది. ఒత్తులమ్మ కాగితం మీంచి చూపు తిప్పకుండానే గ్లాసును ఎడమచేత్తో వెనక్కి జరిపి, కుడిచేత్తో ఎర్ర కలం పట్టుకుని, ఎవడో మింగేసిన ఒత్తును పట్టుకొచ్చి అక్షరం కింద కూర్చోబెడుతుంది.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "తప్పుల్లేని సంబంధం రాలేదు" అనేది. ఇప్పుడు యాభై దాటింది కాబట్టి ఎవరూ అడగడం లేదు. ముసలి తల్లితో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న తమ్ముడు వారానికోసారి వచ్చి అన్నం తిని, అక్కకు నాలుగు సలహాలు చెప్పి వెళ్తాడు.

ఆవిడ ప్రూఫులు చదివే పద్ధతి ఒకటుంది. పేజీలో చివరి మాట దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదువుతుంది. ముందు నుంచి చదివితే కథ లాక్కుపోతుంది, కన్ను తప్పు మీంచి జారిపోతుంది. వెనక నుంచి చదివితే ఏ మాటకా మాట విడిగా దొరుకుతుంది. ఆ పద్ధతి వల్లే పెద్దాయన రాతలను అన్నేళ్ళపాటు చదవగలిగింది.

పెద్దాయన అంటే ఆ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండుసార్లు మంత్రి, ఎన్నో వేల సభల వక్త. బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ గురించి ఆయన ఏదో ఒకటి అనడం, అన్నదాని మీద టీ దుకాణాల్లో జనం గొంతులు చించుకోవడం నలభై ఏళ్ళుగా నడుస్తున్న తంతు. కొందరికి ఆయన దేవుడు, కొందరికి విషం. ఇంకొందరున్నారు, వాళ్ళు మరీ తెలివైనవాళ్ళు, "అభిప్రాయాల సంగతి పక్కన పెట్టండి, ఆ భాష చూడండి, ఎంత స్వచ్ఛంగా ఉంటుందో" అంటారు. ఆ మాట వినపడితే ఒత్తులమ్మకు ఒళ్ళు మండేది. ఆ స్వచ్ఛతంతా ఆవిడ ఎర్ర సిరా. ఆయన వారంవారం పత్రికకు రాసే వ్యాసాలు ఆ ప్రెస్సులోనే అచ్చవుతాయి. ఆయన 'బాధ'లో ఒత్తు ఎప్పుడూ తప్పు అక్షరానికే పెడతాడు. 'అర్థం' అని ఒక్కసారి కూడా రాసినవాడు కాదు, ఎప్పుడూ 'అర్ధం'. వలస వచ్చినవాళ్ళు మన సంస్కృతిని అర్ధం చేసుకోవాలి అని రాస్తాడు. అంటే సగం చేసుకోవాలని. ఆ లెక్కన ముందుగా చేసుకున్నది ఆయనే.

ఒత్తులమ్మ తల్లిదండ్రులు అలా వలస వచ్చినవాళ్ళే. వాళ్ళ ఇంటిభాషలో 'ళ' అనే అక్షరమే లేదు. ఇక్కడి భాష ఎంత నేర్చుకున్నా ఆ ఒక్కటీ నాలుక మీదికి రాదు, నీళ్ళు నీల్లయిపోతాయి, కళ్ళు కల్లయిపోతాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే దాటిపోయేవాళ్ళు వినీ వినగానే పోల్చుకుంటారు, వీళ్ళు బయటివాళ్ళని. తండ్రి రంగుల మిల్లులో పనిచేసి త్వరగా పోయాడు. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెట్టి, పిండి, ఇస్త్రీ చేసి పిల్లలిద్దరినీ పెంచింది. కలుపుగోలు మనిషి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ ఇంటి సంగతులన్నీ దిగేలోపు కనుక్కునేది.

ఒత్తులమ్మకు పదకొండేళ్ళప్పుడు బడుల మధ్య డిక్టేషను పోటీ జరిగింది. మూడు పేజీల డిక్టేషనులో ఒక్క తప్పు కూడా లేనిది ఈ పిల్లదే. బహుమతి ఇవ్వడానికి వచ్చినవాడు పెద్దాయన. అప్పటికింకా పెద్దాయన కాదు, నల్లటి జుట్టుతో, ఖద్దరు చొక్కాతో, పైకి రావాలని తహతహలాడుతున్న కుర్ర నాయకుడు. పిల్లతో పాటు తల్లినీ వేదిక మీదికి పిలిచారు. ఆయనే మైకు చేతికిచ్చి, "రెండు మాటలు చెప్పమ్మా" అన్నాడు.

ఆవిడకు భయమేమీ లేదు. చంకలో చిన్నపిల్లాడితోనే మైకు పట్టుకుని, "మా పిల్లకి చదువు చెప్పిన వాల్లందరికీ దండాలు. మీరందరూ మా మనవాల్లే" అంది.

ఆయన మైకు దగ్గరికి వంగి, "ఎవరూ?" అన్నాడు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. "మనవాల్లు కాదమ్మా. మనవాళ్ళు. నాలుక మడిచి అను." ఆవిడ అంది. మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అంది. మూడోసారీ అనిపించాడు. మూడుసార్లూ 'ల'నే వచ్చింది, మూడుసార్లూ హాలు విరగబడి నవ్వింది. తను కూడా నవ్వాలో అక్కర్లేదో తెలియక ఆవిడ కూతురి వైపు చూసింది. అప్పుడు ఆయన మైకు తీసుకుని, జనం వైపు తిరిగి, తాపీగా అన్నాడు: "మనవాళ్ళు అనే మాటే నోట పలకనివాళ్ళు మనవాళ్ళెలా అవుతారు?"

ఆ చప్పట్లు ఆయన్ను మంత్రిని చేశాయి. ఆ వాక్యం గోడలకెక్కింది, జెండాలకెక్కింది. వీధిలో పిల్లలు ఆవిడను 'వాల్లమ్మ' అని పిలవడం మొదలుపెట్టారు. మర్నాటి నుంచి ఆ తల్లి గడప దాటితే నోరు విప్పలేదు. కొట్లో వేలు పెట్టి చూపించి సరుకులు తెచ్చుకునేది. లాండ్రీలో మూగదనుకున్న కొత్తవాళ్ళు కూడా ఉన్నారు. పిల్ల మాత్రం స్నానాల గదిలో తలుపేసుకుని, పెన్సిలు నాలుక కింద పెట్టి పైకి మడుస్తూ, మూడు నెలల్లో 'ళ' పట్టేసింది. నోరు ఒరుసుకుపోయి రక్తం వచ్చిన రోజులున్నాయి. దాంతోపాటు ఇంకొకటి కూడా పట్టుకుంది. ఇలాంటి హాల్లో, ఇలాగే, తన తల్లి బతికుండగా ఆయన్ను చూసి జనం నవ్వాలి. నలభై ఏళ్ళు ఆ కోరికను ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

తల్లికి ఎనభై ఒకటో ఏడు వచ్చింది. డాక్టరు గుండె చప్పుడు విని పెదవి విరిచాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన ఒక ఫైలు చంకన పెట్టుకుని స్వయంగా ప్రెస్సు మెట్లెక్కి వచ్చాడు.

బయటి నుంచి వచ్చినవాళ్ళకు పలుకు పరీక్ష పెట్టాలనీ, తప్పినవాళ్ళకు శాశ్వత నివాసపు కాగితాలు ఇవ్వకూడదనీ ఆయన కొత్త వాదన. దాని కోసం ఉపన్యాసాలన్నీ కలిపి పుస్తకం వేయిస్తున్నాడు. పుస్తకం పేరు 'మనవాళ్ళు'. ప్రెస్సు యజమాని కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. ఒత్తులమ్మను పిలిపించాడు.

"ప్రూఫులు చూసేది మీరేనా? మీదేవూరమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఇక్కడేనండి. పుట్టిందీ పెరిగిందీ ఈ వీధుల్లోనే. మావాళ్ళంతా ఇక్కడే ఉన్నారు" అంది ఒత్తులమ్మ.

ఆయన మొహం విప్పారింది. యజమాని వైపు తిరిగి, "విన్నారా? 'ళ' అంటే అదీ. నిఖార్సైన మనవాళ్ళ నోరు. ఇలాంటివాళ్ళు ఉండాలండీ ప్రెస్సుల్లో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎందుకంటున్నానంటే, నా వ్యాసాల్లో ఎవరో వేలు పెడుతున్నారు. మొన్న 'స్వచ్చమైన' అని నేను శుభ్రంగా రాస్తే, దానికి ఇంకో ఒత్తు తగిలించి ముద్ద చేశారు. మన భాష తెలియని బయటివాడి పని అది. చూడగానే తెలిసిపోతుంది."

యజమాని తలూపాడు. ఆయనకు ఏది తప్పో ఏది ఒప్పో తెలియదు, తెలిసినా చెప్పే రకం కాదు. ఒత్తులమ్మకు మాత్రం తెలుసు. తప్పు ఈయనది, దిద్దింది తను, దిద్దడమే తప్పట. ఆ తప్పు కూడా వచ్చినవాళ్ళ నెత్తినేనట. ఒక్క మాట చాలు, నిఘంటువు తెరిచి ఎదురుగా పెడితే చాలు. ఆవిడ ఆ మాట అనలేదు.

"ఈసారి అలా జరగదండి. మీరు రాసివ్వండి, అలాగే వేస్తాం" అంది.

ఆయన కలం తీసి, ఫైలు మొదటి పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో 'అక్షరం మార్చరాదు' అని రాసి సంతకం పెట్టాడు. ఆ రెండు మాటల్లో తప్పు లేకపోవడం కేవలం అదృష్టం.

తర్వాతి మూడు వారాలు ఒత్తులమ్మకు నరకం. పగ తీర్చుకోవడం సుఖంగా ఉంటుందనుకునేవాళ్ళు ఎప్పుడూ ప్రూఫులు చూసినవాళ్ళు కాదు. తప్పు కనపడితే ఆవిడ చెయ్యి దానంతటదే లేస్తుంది. కలం మూతపెట్టి సొరుగులో పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చదివింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పుడు పేజీ కూడా ఆవిడ బల్ల దిగలేదు. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే, పుస్తకం వెనక చిన్న అక్షరాల్లో 'ప్రూఫులు' అని వేసి పక్కన వేసే తన పేరు. ఇప్పుడు ఆ పేరు కిందే క్రుతజ్ఞతలూ, సంస్క్రుతులూ, బాషలూ వరసకట్టి పోతున్నాయి. అయినా ఒక్కటీ ముట్టుకోలేదు. ఒక చిన్న పుస్తకంలో పేజీ వారీగా వాటి జాబితా మాత్రం రాసిపెట్టుకుంది.

ముందుమాట దగ్గరికొచ్చేసరికి చెయ్యి లేవడం కూడా మానేసింది. అందులో ఆ బహుమతి సభ ఉంది. దుప్పట్లు ఉతికే ఒకావిడ, మూడుసార్లు పలకలేకపోయిన మాట, హాలంతా నవ్వు, అన్నీ ఉన్నాయి. చివర ఆయన ఇలా ముగించాడు: 'ఆ తల్లి తాను కూడా హాయిగా నవ్వి, తన తప్పు అర్ధమయ్యేలా చెప్పినందుకు నాకు క్రుతజ్ఞత తెలిపింది.'

ఆ వాక్యం ఒక్కటీ ఒత్తులమ్మ ముందు నుంచి చదివింది. ఒకసారి కాదు, పదిసార్లు చదివింది. అంతవరకూ మూలన ఏమైనా జాలి మిగిలి ఉంటే అదీ పోయింది. ఆ సాయంత్రం యజమానితో చెప్పి పుస్తకం మొదట్లో ఒక వాక్యం చేర్పించింది: రచయిత ఆదేశం మేరకు ఒక్క అక్షరమూ మార్చకుండా అచ్చువేశాం. అది చూసి పెద్దాయన పొంగిపోయాడట.

ఆ వారం తమ్ముడు అన్నం తింటూ, "ఆయన చెప్పేదాంట్లో తప్పేముందక్కా? వచ్చిన చోట బతకాలంటే వాళ్ళ మాట నేర్చుకోవద్దూ?" అన్నాడు. వాడి నోట్లో 'ళ' శుభ్రంగా పలుకుతుంది. అక్కే నేర్పింది.

"నేర్చుకోవాలి. నేను కాదన్నానా? నాకంటే ఎక్కువ నేర్చుకున్నవాడు ఈ దేశంలో ఎవడున్నాడో చూపించు."

"మరింకేం?"

"నేర్పాలనుకున్నవాడు నవ్వడురా. అమ్మను మూడుసార్లు పలికించాడే, నేర్పడానికి అనుకున్నావా? నువ్వప్పుడు చంకలో ఉన్నావు, నీకేం తెలుసు."

"పాతవన్నీ ఇంకా ఎందుకు తవ్వుతావు?" అని వాడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. తల్లి లోపలి గదిలోంచి అంతా వింది.

ఆవిష్కరణ సభకు తల్లిని తీసుకెళ్ళాలని ఒత్తులమ్మ పట్టుబట్టింది. ఎందుకో చెప్పలేదు. ముసలావిడ రానంది, ఆయాసమంది, చివరికి కూతురి మొహం చూసి చీర మార్చుకుంది. మూడో వరుసలో చోటు దొరికింది. వేదిక వెనక సినిమా తెరంత గోడ మీద పుస్తకం పేజీలు బొమ్మలుగా వేస్తున్నారు. అక్షరాలు ఒక్కొక్కటీ మనిషంత ఉన్నాయి. ఒత్తులమ్మ హాలంతా కలయజూసింది. ఇక్కడ వెయ్యిమంది ఉన్నారు, మేష్టర్లున్నారు, పత్రికలవాళ్ళున్నారు, భాషా సంఘాలవాళ్ళున్నారు. ఒక్కడు నవ్వితే చాలు, మిగతావాళ్ళు అందుకుంటారు.

వార్తలు చదివే ఒకావిడ మైకు ముందుకొచ్చి ముందుమాట చదవడం మొదలుపెట్టింది. గోడ మీద 'స్వచ్చమైన బాష' అని వెలిగింది. ఒత్తులమ్మ చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. 'సంస్క్రుతి' వెలిగింది. పక్కన కూర్చున్న మేష్టరు తలూపుతూ ఏదో రాసుకుంటున్నాడు. వంగి చూసింది, ఆయన కూడా అలాగే రాసుకుంటున్నాడు. వాళ్ళెవరికీ అది తప్పని తెలియదు. వాళ్ళకీ రాదు. ఈ నలభై ఏళ్ళూ ఎవరికీ వచ్చేది కాదు.

ఇంతలో చదివే ఆవిడ ఆ బహుమతి సభ దగ్గరికొచ్చింది. గొంతు మార్చి, ముద్దముద్దగా, "మనవాల్లు" అని చదివింది. అప్పుడు నవ్వింది హాలు. అచ్చం అలాగే, పైకప్పు లేచిపోయేలా నవ్వింది. వేదిక మీద పెద్దాయన నవ్వాడు. ముసలావిడ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చుండిపోయింది.

పెద్దాయన్ను చూసి జనం నవ్వాలని తీసుకొచ్చి, ఒత్తులమ్మ తల్లినే రెండోసారి నవ్వులపాలు చేసింది. "గోడ మీద అన్ని తప్పులున్నాయమ్మా. ఒక్కడూ నవ్వలేదేం?" అంది ఇంటిభాషలో.

తల్లి ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "తప్పును చూసి నవ్వుతారనుకున్నావా పిచ్చిదానా? ఆ రోజు నవ్వింది నన్ను చూసి. నేను సరిగా పలికినా ఇంకోటేదో వెతికి నవ్వేవాళ్ళు" అంది ఆ భాషలోనే.

నలభై ఏళ్ళ లెక్క ఒక్క మాటతో తలకిందులైంది. ఈ హాలు ఎప్పటికీ నవ్వదు. ఆయన నిఘంటువంతా తప్పు రాసినా నవ్వదు. అయితే పగ చల్లారిపోయిందా అంటే, లేదు. దానికి వెయ్యిమంది అక్కర్లేదని అప్పుడు తెలిసింది. ఒత్తులమ్మ లేచి, ఒక పుస్తకం తీసుకుని, సంతకాల వరుసలో నిలబడింది.

ఆవిడ వంతు వచ్చింది. పెద్దాయన గుర్తుపట్టి, "ఓ, మీరా. మీరు లేకపోతే ఇంత బాగా వచ్చేది కాదు" అని, చకచకా 'స్వచ్చమైన మనసుతో' అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఒత్తులమ్మ పుస్తకం తీసుకోలేదు. అక్కడే బల్ల మీద ఉంచి, సంచిలోంచి ఎర్ర కలం తీసి, ఆ మాట కింద ఒత్తు మీద గీత గీసి, పక్కన 'చ్ఛ' అని రాసి, పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది.

"ఏమిటిది?" అన్నాడాయన.

"తప్పు రాశారండి. చకారం కింద ఉండాల్సింది ఛ ఒత్తు. మొన్న మీ వ్యాసంలో అది పెట్టింది నేనే. మీ నిఘంటువులోనే ఉంది, ఇంటికెళ్ళి చూసుకోండి."

ఆయన పక్కనున్న వార్తల ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆ మాట వైపు చూసి, ఏమీ తేల్చుకోలేక, మంచినీళ్ళ సీసా మూత తిప్పసాగింది.

"పుస్తకంలో ఇంకా ఉన్నాయా?" ఆయన గొంతు తగ్గింది.

"నాలుగు వందల పన్నెండు. ఇదిగో, పేజీల వారీగా రాసి తెచ్చాను." చిన్న పుస్తకం బల్ల మీద పెట్టింది. "ఇరవై తొమ్మిదేళ్ళుగా వారానికి ఇరవయ్యో ముప్పయ్యో దిద్దుతూ వచ్చాను. ఈసారి అక్షరం మార్చొద్దని మీరే రాసిచ్చారు."

ఆయన పేజీలు తిరగేశాడు. ఒకటి, రెండు, ఐదు. చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు మనవాళ్ళ పిల్లవే కదమ్మా. ఆ పలుకు..."

"దుప్పట్లు ఉతికే ఒకావిడ అని రాశారే, ఆవిడ కూతుర్ని. అదిగో, మూడో వరుసలో చివర కూర్చుంది. ఆవిడ నవ్వలేదు, మీకు కృతజ్ఞతా చెప్పలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ తప్పు వస్తుందేమోనని బయట నోరే విప్పలేదు." ఒత్తులమ్మ గొంతు పెంచలేదు. వరుసలో వెనకున్నవాళ్ళకు కూడా సరిగా వినపడలేదు. "పలుకు నేను నేర్చుకున్నానండి. మీకూ వయసేం మించిపోలేదు, రాయడం నేర్చుకోండి."

పుస్తకం అక్కడే వదిలేసి పక్కకు జరిగింది. తర్వాతి మనిషి ముందుకొచ్చి, పుస్తకం తెరిచి, తన పేరు చెప్పాడు. మామూలు పేరు, ఊళ్ళో పదిమందికి ఉండే పేరు. పెద్దాయన కలం కాగితం మీద ఆన్చాడు. మొదటి అక్షరం పడింది. రెండో అక్షరం దగ్గర కలం ఆగిపోయింది. ఆ మనిషి రెండోసారి పేరు చెప్పాడు, వినపడలేదేమోనని. ఆయన కలం పైకెత్తి, అటూ ఇటూ చూసి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"దీనికి ఒత్తు ఉంటుందా, ఉండదా?"

ఆ మనిషి తెల్లబోయి చెప్పాడు. ఆయన రాశాడు. వెనకున్నావిడ వచ్చి తన పేరు చెప్పింది. ఆవిడనీ అడిగాడు. ఆ వెనకున్నవాణ్ణీ అడిగాడు. సంచి భుజాన వేసుకుని, ఒత్తులమ్మ బల్ల పక్కనే నిలబడి అన్నీ వింది.